తూర్పు హద్దున వంక

బళ్లారి
9 జూన్ 2024

పెదనాయనకు,

రాస్తున్నది రజని, మీ తమ్ముడు హులిగెప్ప కూతురు. పేరు చూస్తే కవరు తెరవరేమోనని పైన పంపినవారి పేరు రాయలేదు. తెరిచారు కాబట్టి చివరిదాకా చదవమని కోరుతున్నాను.

ఫోన్ చేద్దామనుకున్నాను. మీకు చెవులు పూర్తిగా పోయాయని మీ కెంచనగుడ్డ శరణమ్మ చెప్పింది. ఆమె మా నర్సింగ్ హోముకు రక్తపరీక్షకు వచ్చింది. "మీ పెదనాయనతో ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి సూపియ్యాలమ్మా. రాసింది తప్పుంటే దాన్నీ దిద్ది ఇస్తాడు" అంది. నవ్వొచ్చింది. అందుకే తప్పుల్లేకుండా రాయాలని చూస్తున్నాను.

నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ని. చేతికి ఇరవై తొమ్మిది వేల నాలుగు వందలు వస్తాయి. అమ్మా నేనూ ఉంటాం. తొమ్మిదేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారాం. ప్రతి ఇంటి యజమానీ మొదట అడిగేది, "మగవాళ్లు ఎవరూ లేరా?" అని. ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిది. ఇల్లు కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను. రూపనగుడి రోడ్డులో చక్రధర్ అనే ఆయన వేసిన లేఅవుట్ ఉంది. అందులో తూర్పున ఆఖరి వరసలో, పదో ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. ఆఖరి వరస కాబట్టి మిగతా వాటికన్నా రెండు లక్షలు తక్కువ, ఇరవై రెండు లక్షలు. మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాను. అక్టోబరు ముప్పై ఒకటిలోగా రిజిస్టరు చేయించుకోకపోతే ఆ మూడు లక్షలూ పోయినట్టేనని అగ్రిమెంటులో ఉంది.

ప్రభుత్వ బ్యాంకు పదిహేడు లక్షలు ఇస్తానంది, మిగతా రెండు లక్షలు చీటీలో వస్తాయి. ఇరవై ఏళ్లు, నెలకు పద్నాలుగు వేల ఎనిమిది వందల అరవై. నాకు యాభై ఎనిమిది వచ్చేదాకా. వచ్చే ఏడు అడిగితే పంతొమ్మిదేళ్లే ఇస్తారట, అప్పుడు కంతు నా జీతానికి అందదు.

ఒక్క అడ్డం ఉంది. ఆ భూమి మూలపత్రం 1951 నాటిది. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి తెలుగు పత్రం, అదీ గొలుసుకట్టు రాత. బ్యాంకు లాయరుకు కన్నడం, ఇంగ్లీషు తప్ప రావు. "ఇది తెలుగా, లేక చీమలు నడిచిన దారా?" అని అడిగాడు. దానికి కన్నడ తర్జుమా కావాలట. ఊళ్లో ఎవరిని అడిగినా మీ పేరే చెప్పారు. జిరాక్సు మూడు పుటలు పంపుతున్నాను. మీ ఫీజు ఎంతో రాయండి.

ఈ ఉత్తరం సంగతి అమ్మకు తెలియదు.

రజని


కెంచనగుడ్డ
17 జూన్ 2024

రజనికి,

ఫీజు. నలభై ఏళ్లు బళ్లారి రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల పందిరి కింద కూర్చుని తెలుగులో, కన్నడంలో పత్రాలు రాసినవాణ్ణి. నా ఫీజు పట్టిక గోడ మీద ఉండేది. ఆ పట్టికనూ, నా లైసెన్సునూ ఒకేరోజు పీకేయించినవాడు మీ నాన్న. అదే ఆఫీసులో అటెండరుగా చేస్తూ, సొంత అన్న మీద అర్జీ పెట్టాడు. "మా అన్న అమ్మేవాళ్లు చెప్పినట్టు హద్దులు మారుస్తాడు" అని. ఆ మనిషి కూతురు నన్ను ఫీజు అడుగుతోంది. బాగుంది.

ఊళ్లో అందరూ నా పేరే చెప్పారా? ఆ 'అందరూ' ఎవరో నాకు తెలుసు. ఏటా ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, తెలుగు చచ్చిపోతోందని మైకులో ఏడ్చే పెద్దమనుషులు. వాళ్ల తాతలు రాసిన రాతను చదవలేరు. వాళ్ల మనవళ్లు వాళ్లు రాసింది చదవలేరు. నడుమ శాలువా ఒక్కటే మిగిలింది. లైసెన్సు పోయినరోజు వీళ్లలో ఒక్కడూ నా పందిరి దాకా రాలేదు. నా కుర్చీ ఎవరికి ఇస్తారని మాత్రం అడిగి వెళ్లారు.

పత్రం చదివాను. రాసినవాడు మంచి రాతగాడు, ఎక్కడా చెయ్యి వణకలేదు. తర్జుమా పంపను. ఆ ఇల్లు నువ్వు కొనకూడదు. ఆ పొలానికి తూర్పు హద్దు వంక, వానలకు పారే వాగు. నీ పదో ఇల్లు ఉండేది వంకలో.

చిన్నప్పుడు నన్ను 'నువ్వు' అనేదానివి. ఇప్పుడు 'మీరు' అంటున్నావు. చదువుకున్నావు కదా.

నారప
మాజీ దస్తావేజు లేఖరి


బళ్లారి
30 జూన్ 2024

పెదనాయనకు,

మీ ఉత్తరం అందిన వారం, ఆదివారమే వెళ్లి చూశాను. తూర్పున వంక లేదు. ప్రహరీగోడ ఉంది, గోడ అవతల గట్టి నేల. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. తొమ్మిదో ఇంటి పక్కీరమ్మను అడిగాను. ఆమె మొగుడు ఆటో నడుపుతాడు. "తొమ్మిదేండ్లాయె తల్లీ నేను ఈడికొచ్చి. వానాకాలంలో గూడ గడప తడవలేదు" అంది. చక్రధర్‌ని అడిగితే నవ్వాడు.

"యాడుండాది మేడమ్ వంక? సూపియ్యండి, నేనే ఈత కొడతా. మా నాయన కాలం నుంచి ఈడ నీటిచుక్క సూసినోడు లేడు."

1986లో వాళ్ల నాన్న కెంచప్ప ఈ భూమిని కొడుకు పేరిట దానపత్రం రాసి రిజిస్టరు చేయించాడు. అది చూపించాడు. కన్నడంలో స్పష్టంగా ఉంది: విస్తీర్ణం రెండు ఎకరాలు, తూర్పున ఖాళీ జాగా. వంక అన్న మాటే లేదు. ప్రభుత్వ ముద్ర ఉన్న పత్రాన్ని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా?

మీ ఉత్తరం అమ్మ కంటపడింది, చదివి వినిపించాల్సి వచ్చింది. మిమ్మల్ని అడగడమే తప్పంది. "మీ నాయన పోతే పిడికెడు మట్టి వేసేదానికి రాని మనిషి. ఆయప్ప చేతిలో నీ ఇల్లు పెట్టినావా?" అంది. ఆ మాట నేను ఒప్పుకోలేదు. మీకు నాన్న మీద ఎంత కోపమున్నా, కాగితం మీద అబద్ధం రాయరని చెప్పాను. నా మాట నిలబెట్టండి. పత్రంలో ఉన్నది ఉన్నట్టు కన్నడంలో రాసి పంపండి. కొనాలా వద్దా అన్నది నాకు వదిలేయండి.

రజని


కెంచనగుడ్డ
8 జూలై 2024

రజనికి,

ఉన్నది ఉన్నట్టు కావాలన్నావు. ఇదిగో, రెండు పుటలు, ప్రతి పుట కింద సంతకం పెట్టాను. కన్నడం నీకు నాకన్నా బాగా వచ్చుండాలి, అయినా తెలుగులో ఒకసారి చెప్తాను. విస్తీర్ణం ఒక ఎకరా ఎనభై సెంట్లు. రెండెకరాలు కాదు. పడమర బండిదారి. ఉత్తరం, దక్షిణం వేరేవాళ్ల చేలు. తూర్పు 'వర్షాకాలమందు పారు వంక'. ఇది బ్యాంకుకు ఇస్తే నీకు అప్పు రాదు. ఇవ్వకపోతే ఇరవై ఏళ్లు వంకకు కంతులు కడతావు.

పక్కీరమ్మ గడప తొమ్మిదేళ్లు తడవలేదంటే సంతోషం. పాతికేళ్లప్పుడు నేను ఆ వంకలో మోకాళ్లలోతు నీళ్లలో సైకిలు భుజాన వేసుకుని దాటాను. గనుల మట్టి లారీలకెత్తి తెచ్చి పోస్తే పల్లం మిట్ట అవుతుంది. పైన పడ్డ వాన మాత్రం ఎక్కడికి పోవాలి? ఒక ఏడు వస్తుంది. ఏ ఏడో నేను చెప్పలేను.

మీ అమ్మ సుబ్బరత్నమ్మకు చెప్పు. మట్టి వేయడానికి రాలేదు, నిజమే. నన్ను అబద్ధాల రాతగాడని ఊరంతా చాటినవాడి గోతి దగ్గర నిలబడి ఏమని ఏడవాలి? నా జీవితంలో ఒక్క పత్రంలో ఒక్క అక్షరం నేను తారుమారు చేయలేదు. అది చెప్పుకోవడానికి నాకు ఒక్క చోటు మిగల్చలేదు మీ నాన్న.

నారప
మాజీ దస్తావేజు లేఖరి


బళ్లారి
4 ఆగస్టు 2024

పెదనాయనకు,

మీ తర్జుమా నేను బ్యాంకుకు ఇవ్వలేదు. దాచిపెట్టుకున్నాను.

ఇక్కడ రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన దొరికారు. పదిహేను వందలు తీసుకుని తర్జుమా చేశారు. చదవలేని చోట 'అక్షరములు చెరిగిపోయినవి' అని రాశారు. తూర్పు హద్దు దగ్గర, విస్తీర్ణం దగ్గర కూడా అదే రాశారు. చెరిగిపోయాయో, ఆయనకు రాలేదో నేను అడగలేదు. లాయరు ఒప్పుకున్నాడు. సాంక్షన్ లెటరు వచ్చింది. సెప్టెంబరు పన్నెండున రిజిస్ట్రేషన్.

ఆ లెటరు చేతిలోకి వచ్చినరోజు బ్యాంకు నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను, ఆటో ఎక్కాలని తోచలేదు. అమ్మకు చదవడం రాదు కదా, ఆ ముద్ర మీద వేలు పెట్టి, "ఇదేనా?" అంది. మరుసటిరోజు టేపు పట్టుకుని కొత్త ఇంటికి వెళ్లాం. గ్యాసుపొయ్యి ఎటువైపు, బియ్యం డబ్బా ఎటువైపు అని కొలిచింది. వంటింటి కిటికీ తూర్పుకు ఉంది. "పొద్దున్నే ఎండ పడతాది, సాకు" అంది. అమ్మ నోట 'చాలు' అన్న మాట నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను.

మీరు చెప్పింది తప్పని అనను. నిజమే కావచ్చు. కానీ వంక లేని చోట ఇల్లు ముప్పై లక్షలు. నా జీతానికి దొరికేది ఆఖరి వరసే. ఈ లెక్క మీకు అర్థమవుతుందో లేదో. మీకు సొంత ఇల్లుంది.

ఇక మీకు శ్రమ ఇవ్వను.

రజని


కెంచనగుడ్డ
20 ఆగస్టు 2024

రజనికి,

నా తర్జుమా ఇంకో ప్రతి రాసి, సంతకం పెట్టి, మీ బ్యాంకు మేనేజరుకు రిజిస్టర్డ్ పోస్టులో నిన్న పంపాను. ఏ బ్యాంకో నువ్వే చెప్పావు, సాంక్షన్ లెటరు జిరాక్సు వెనకే రాశావు ఉత్తరం, దాని మీద తేదీ పక్కన బ్యాంకు ముద్ర ఉంది, చూసుకోలేదు.

తిట్టుకో. చెవులు లేవు కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

నారప


బళ్లారి
6 సెప్టెంబరు 2024

మీరు అనుకున్నది జరిగింది.

మేనేజరు నన్ను పిలిపించి, అందరి ముందూ, "ఏనమ్మా, రెండు తర్జుమాలు, రెండు రకాలా?" అని అడిగాడు. నేను మోసం చేసినట్టు చూశాడు. సాంక్షన్ ఆపేశారు. అక్టోబరు ముప్పై ఒకటి లోపల తూర్పు హద్దు సంగతి తేలితే ఇస్తారట, లేకపోతే అంతటితో సరి. చక్రధర్ నా అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు. "అప్పు రాకపోతే నాదేం తప్పు మేడమ్? కాగదంలో సైన్ మీదే గదా" అన్నాడు. మూడు లక్షలు. అది ఆరేళ్ల నా రాత్రి డ్యూటీలు.

అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు లేచి ఒక్క మాట అంది: "మీ నాయన బతికినప్పుడు ఒకసారి, ఇప్పుడు ఇంకోసారి. ఆయప్ప రాసిందే మన తలరాత."

ఇప్పుడు ఒకటే దారి ఉంది. చక్రధరే చూపించాడు. ఆ వరసలో తొమ్మిది ఇళ్లవాళ్లూ ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో తీసుకున్నారు. వాళ్లు పాత పత్రాలు అడగరు. వడ్డీ పదమూడు. నెలకు పంతొమ్మిది వేల తొమ్మిది వందలు. అంటే తొమ్మిది వేల అయిదు వందలతో మేమిద్దరం బతకాలి. అమ్మ షుగరు మందులకే రెండు వేలు. ఆదివారాలు ఇంకో ల్యాబులో పని ఒప్పుకున్నాను. సెప్టెంబరు ఇరవైన సంతకం పెడుతున్నాను.

ఆ కంపెనీకి ఉత్తరం రాయవద్దు. మా ఇంట్లో మతిలేని ముసలాయన ఒకాయన ఉన్నాడని, ఆయన పేరుతో ఏం వచ్చినా పట్టించుకోవద్దని ముందే చెప్పాను.

రజని


కెంచనగుడ్డ
12 సెప్టెంబరు 2024

రజనీ,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇరవైలోగా అందాలి. దీంతోపాటు స్టాంపు కాగితం మీద రాసిన ప్రమాణపత్రం ఉంది, సిరుగుప్పలో నోటరీ చేయించాను. ముందు ఉత్తరం చదువు, తర్వాత అది చదువు.

1986 నాటి దానపత్రం రాసింది నేను.

చక్రధర్ నీకు చూపించిన నకలులో రాసినవాడి పేరు ఉండదు. అసలు పత్రం ఆఖరి పుట మీద ఎక్కడో మూలన ఉంటుంది, అది ఇప్పటికి మాసిపోయి ఉంటుంది. నువ్వు వెదికినా దొరకదు. దొరకదనే ఇన్నాళ్లు ఊరుకున్నాను.

ఏప్రిల్ నెల. కెంచప్ప లారీ దిగి వచ్చాడు. అప్పటికే రెండు లారీలు గనుల్లో తిరుగుతున్నాయి. నిక్కర్లు వేసుకునే కొడుకు చక్రధర్ పేరిట పొలం రాయాలన్నాడు. పాత పత్రం నా చేతికిచ్చాడు, నువ్వు పంపిన ఆ జిరాక్సుకు అసలు అదే. పాత లెక్క సెంట్లలో, కొత్త లెక్క గుంటల్లో. ఎకరాకు నూరు సెంట్లు, నలభై గుంటలు. ఎకరా ఎనభై సెంట్లంటే ఎకరా ముప్పై రెండు గుంటలు. నేను లెక్క వేసి చెప్పాను. కెంచప్ప బీడీ ముట్టించుకుని అన్నాడు:

"సెంట్లు, గుంటలు ఇప్పుడెవురికి తెలుస్తాది నారపా? ఎనభై అంటే నూటికి ఎంత దూరముండాది? గుండ్రంగా రెండెకరాలు రాసెయ్. తూర్పున నీళ్లు పారి ఎన్నేండ్లాయె, ఖాళీ జాగా అను. నీకు బరువైన సెక్కే రాసిస్తా."

చెక్కు కాదు, నోట్లే ఇచ్చాడు. మూడు వేలు. ఆ రోజుల్లో నాకు ఐదు నెలల సంపాదన. రాశాను. మద్రాసు లెక్క నుంచి మైసూరు లెక్కకు మార్చేటప్పుడు వంకలోని ఎనిమిది గుంటలను నా కలమే మింగింది. రిజిస్ట్రారు సెంట్ల లెక్క ఎరగడు, గొలుసుకట్టు చదవలేడు. నన్నే నమ్మి సంతకం పెట్టాడు. ఆ ఎనిమిది గుంటల్లోనే నీ ఆఖరి వరస పది ఇళ్లూ ఉన్నాయి.

తిండి లేక చేశానని చెప్పను. ఆ డబ్బుతో పన్నెండు సంపుటాల విజ్ఞానకోశం కొన్నాను. రెండేళ్లు ఆ దుకాణం అద్దం బయట నిలబడి చూసిన పుస్తకాలు. నదుల గురించి నలభై పుటలున్నాయి. పుస్తకాల కోసం చేసిన తప్పు డబ్బు కోసం చేసిన తప్పు కాదని చాలా ఏళ్లు నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి ఉన్న సౌకర్యం అదే, తన కేసు తనే వాదించుకుని తనే గెలుస్తాడు.

ఇక మీ నాన్న సంగతి. వాడు అర్జీ పెట్టినప్పుడు విచారణకు తీసింది సిరుగుప్ప వరిమడి పత్రం. అందులో నేను ఒక్క అక్షరం మార్చలేదు. దేవుడి ముందైనా చెప్తాను. అందుకే పద్దెనిమిదేళ్లు మనస్ఫూర్తిగా కోపగించుకోగలిగాను. హులిగెప్ప వేలు పెట్టాల్సింది ఆ పత్రం మీద కాదు. వాడు చూపించిన మనిషి మాత్రం సరైనవాడే, నేనే. వాడికి ఈ దానపత్రం సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. అడగలేదు. అడిగే లోపల పోయాడు. గోతి దగ్గరికి రాకపోవడానికి కారణం కోపం అని నీకు రాశాను. అది సగమే.

'ఒక్క అక్షరం తారుమారు చేయలేదు' అని జూలైలో నీకు రాసింది నేనే. ఆ ఉత్తరం కూడా దీంతోపాటు ఉంచు. ఎవరికైనా చూపించాల్సి వస్తే రెండూ చూపించు.

ఈ ప్రమాణపత్రం ఉంటే చక్రధర్ నీ అడ్వాన్సు ఆపలేడు. ఆ ఫైనాన్సు కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

నారప


బళ్లారి
1 అక్టోబరు 2024

పెదనాయనా,

సంతకం పెట్టలేదు. నీ ఉత్తరం పద్దెనిమిదిన అందింది.

మొదట అమ్మకు చదివి వినిపించాను. నాన్న భాగం దగ్గర ఆగమంది. లేచి వెళ్లి కొళాయి దగ్గర చాలాసేపు అంట్లు తోమింది. తోమినవే మళ్లీ తోమింది. వచ్చి, "మిగతాది చదువు" అంది. నీ గురించి నాతో ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

నకలు చక్రధర్‌కు చూపించాను. ముఖం మాడిపోయింది. అరగంటలో నవ్వు తెచ్చుకున్నాడు. "మేడమ్, మీ మూడు లచ్చలు శనివారం ఇచ్చేస్తా. ఆ అసలు కాగదం నా చేతికియ్యండి. ఎవురికీ చెప్పొద్దండి. మీకూ మంచిది, ఆ ముసలాయనకూ మంచిది. జైలుకు పొయ్యే వయసా ఆయనది?"

నేను సరేనన్నాను. అబద్ధం ఎందుకు రాయాలి, వెంటనే సరేనన్నాను. మూడు లక్షలు వస్తే ఇంకెక్కడైనా చూసుకోవచ్చు. నువ్వు చేసిన తప్పుకు నేనెందుకు మునగాలి అనుకున్నాను. శనివారం అసలు పత్రం సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఆయన ఆఫీసు లేఅవుట్ మొదట్లోనే ఉంది. ఆయన ఇంకా రాలేదు. పక్కీరమ్మ నన్ను చూసి పిలిచింది.

"ఎప్పుడు దిగుతావు తల్లీ? మా ఇంటాయనకు చెప్పి మా మోటరు నుంచి నీ గోడ దాకా పైపు ఏయించినా. నీది కనెక్షన్ వచ్చేదాకా మా నీళ్లు వాడుకో."

ఆ పైపు నీలం రంగుది. కొత్తది. మూత బిగించి ఉంది.

చెప్పేశాను, పెదనాయనా. వంక సంగతి, ఎనిమిది గుంటల సంగతి, నీ పత్రం సంగతి, నా సంచిలో ఏముందో, ఎందుకు వచ్చానో కూడా. వాళ్లకు అప్పు ఇంకా పదకొండేళ్లుంది. ఆమె మెట్టు మీద కూర్చుంది. సంతోషిస్తుందనుకున్నానేమో నేను, తెలియదు. ఆమె ఏమందో నీకు రాయాలి.

"నువ్వు కొనకుండా పోయింటే సరిపోయింటాది గదా. మాకెందుకు చెప్పినావు? తెలీకుంటే ఇంగా పదకొండేండ్లు నిమ్మళంగా కట్టుకుంటా ఉంటిమి. ఇప్పుడు వాన పడితే నిద్ర పడతాదా నాకు?"

సాయంత్రానికి తొమ్మిది ఇళ్లవాళ్లూ మా అద్దె ఇంటి ముందున్నారు. ఒకాయన మా చెప్పుల స్టాండు తన్నాడు. అమ్మ గడపలో నిలబడి, "అరిచేదేదో రాసినోని మీద అరవండప్పా. ఈ యమ్మి మీద ఎందుకు? ఈ యమ్మి నోరు మూసుకునింటే దుడ్లు చేతిలో ఉండేటివి" అంది. అరుపులు తగ్గాయి. తర్వాత లెక్కలు మొదలయ్యాయి. ఎవరెంత కట్టారు, ఎంత మిగిలింది. రాత్రి పదకొండు దాకా.

పదిమందిమీ కలిసి తహసీల్దారుకు అర్జీ పెట్టాం. పది పేర్లలో నాదీ ఉంది, ఇల్లు లేకపోయినా. చక్రధర్ వేరే జాగా అయినా ఇవ్వాలి, డబ్బయినా ఇవ్వాలి అని లాయరు అంటున్నాడు. గెలుస్తామని మాత్రం అనడం లేదు. నా మూడు లక్షలు ఇక కోర్టులోనే చూసుకోమన్నాడు చక్రధర్. బ్యాంకు సాంక్షన్ ఈ నెలాఖరుకు పోతుంది. ఇక నా జీతానికి, నా వయసుకు ఇల్లు అంటే ఏమో. ఆ మాట అమ్మతో ఇంకా అనలేదు. ఆమె కొలతలు రాయించిన కాగితం ఇంకా ఫ్రిజ్ మీద ఉంది. తీసేయలేదు, నేనూ తీయలేదు.

అక్టోబరు పదిహేడు, గురువారం, సర్వేవాళ్లు వస్తున్నారు. ప్రమాణపత్రం చాలదట. రాసిన మనిషి వచ్చి, నిలబడి, వంక ఎక్కడ నుంచి ఎక్కడిదాకో చూపించాలట. కాలనీ వాళ్లు నిన్ను చూడాలంటున్నారు. ఎందుకు చూడాలంటున్నారో నీకు తెలుసు. చెప్పుల స్టాండు తన్నినాయన కూడా ఉంటాడు. కేసు పెట్టినా పెట్టొచ్చునని లాయరు అన్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషివి. రాకపోతే నేను తప్పు పట్టను. జ్వరమని రాయి, నేను చెప్పుకుంటాను.

రజని


కెంచనగుడ్డ
8 అక్టోబరు 2024

రజనీ,

జ్వరం లేదు. వస్తున్నాను.

సిరుగుప్ప నుంచి ఏడు గంటల బస్సు ఎక్కుతాను. నా కోసం బస్టాండుకు ఎవరినీ పంపవద్దు, ఆటో పెట్టవద్దు. రూపనగుడి రోడ్డు బస్సు మారి నేరుగా అక్కడికే వస్తాను. కొత్త ఇళ్లు వచ్చి ఉంటాయి, రోడ్లు మారి ఉంటాయి. ఫర్వాలేదు. వంక ఎక్కడుందో నాకు తెలుసు.

మీ అమ్మ మాట్లాడలేదన్నావు. మాట్లాడించవద్దు. భోజనానికి పిలవమని కూడా ఆమెను ఒత్తిడి పెట్టవద్దు. ఇడ్లీ హోటలు ఉంటుంది కదా ఎక్కడైనా. హులిగెప్ప విషయంలో నేను ఆమెకు చెప్పాల్సింది ఒకటుంది, అది ఉత్తరంలో రాయను. చెప్పనిస్తే చెప్తాను.

చక్రధర్‌తో సరే అన్నానని రాశావు. రాయకుండా దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. నేను ఆ పని చేయడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది, నీకు ఒక వారం. ఇది మెచ్చుకోలు అనుకోవద్దు. నీకు ఇల్లు పోయింది, నా మెచ్చుకోలుతో దానికి పైకప్పు వేయలేవు.

కేసు పెడితే పెట్టనీ. పత్రాల సంగతి నాకు తెలిసినంత ఆ లాయరుకు తెలియదు, వాళ్లు నా మీద రాయాల్సింది కూడా నేనే రాసిస్తాను, తప్పుల్లేకుండా.

ఒక్క సాయం కావాలి. అక్కడ అధికారులు అడిగేది, ఆ తొమ్మిది ఇళ్లవాళ్లు అనేది నాకు వినబడదు. నువ్వు ఒక నోటుబుక్కు పట్టుకుని నా పక్కన నిలబడాలి. వాళ్లు అన్నది రాసి చూపించాలి. నేను చదివి జవాబు చెప్తాను. నువ్వు మంచిదానివి, ముసలివాడని కొన్ని మాటలు మింగేసి, కొన్ని మార్చి రాయాలని చూస్తావు. అలా చేయవద్దు. పక్కీరమ్మ ఏ మాట అంటే ఆ మాటే రాయి. ఎన్ని మాటలంటే అన్నీ రాయి.

నారప